రెండేళ్లకు పైగా డిజియాత్ర వాడాక: మహబూబ్‌నగర్ నుంచి నా అనుభవం

నాది పత్తి విత్తనాల పని. గద్వాల, ఐజ చుట్టుపక్కల రైతులు పండించే సీడ్ పత్తి నాణ్యత చూసుకుంటాను. ఆ పని మీదే నెలకు రెండుసార్లయినా అహ్మదాబాద్‌కో ఢిల్లీకో పోవాల్సి వస్తుంది. ఇల్లు మహబూబ్‌నగర్‌లో. కార్డు బదులు ముఖం చూపించి ఎయిర్‌పోర్ట్ గేట్లు దాటే ఫోన్ యాప్ డిజియాత్ర. అది 2022 డిసెంబర్‌లో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిల్లో మొదలై, 2023లో మన శంషాబాద్‌కు వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే ఫోన్‌లో వేసుకున్నాను. ఇన్ని ప్రయాణాల తర్వాత ఇది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో కొంత తెలిసింది. మన వైపు నుంచి తరచుగా విమానం ఎక్కేవాళ్ల కోసం రాస్తున్నాను.

తెలియనివాళ్లకు రెండు మాటలు. యాప్‌లో డిజిలాకర్ (సర్కారు కాగితాలు ఫోన్‌లో దాచుకునే యాప్) ద్వారా ఆధార్ కలిపి, ఒక సెల్ఫీ దిగాలి. వెబ్ చెక్-ఇన్ అయ్యాక బోర్డింగ్ పాస్ అందులో ఎక్కించాలి. అంతే, ఎయిర్‌పోర్ట్‌లో ముఖమే మన గుర్తింపు కార్డు. దేశంలోపలి ప్రయాణాలకే ఇది. దుబాయ్, మస్కట్ పోయేవాళ్లు మామూలు లైన్లోనే నిలబడాలి.

నాకు అన్నిటికన్నా తేడా తెలిసింది మొదటి గేటు దగ్గర. ఉదయం ఆరున్నర ఫ్లైట్ అంటే రాత్రి రెండున్నరకే ఇల్లు వదులుతాను. నిద్ర సరిగ్గా ఉండదు. ఇదివరకు ఆ గేటు ముందు ఒక చేతిలో ఆధార్, ఇంకో చేతిలో ఫోన్, భుజాన జారిపోయే బ్యాగు. సరిగ్గా చూపించే సమయానికి ఫోన్ స్క్రీన్ ఆరిపోయేది. ఇప్పుడు బోర్డింగ్ పాస్ కోడ్ చూపించి కెమెరా వైపు చూస్తే కొన్ని సెకన్లలో తలుపు తెరుచుకుంటుంది. చలికాలం మఫ్లర్ గడ్డం కిందికి లాక్కోవాలి, టోపీ తీయాలి. ఆ టైమ్‌లో ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి పోగలగడం నిజంగా ప్రాణానికి హాయి.

అయితే సెక్యూరిటీ చెక్ దగ్గర మాత్రం పెద్దగా కలిసొచ్చేది లేదు. ముఖం చూపించి గేటు దాటుతాం కానీ, ఆ తర్వాత ట్రేలు, ఎక్స్-రే, తనిఖీ అందరికీ ఒకటే. డిజియాత్ర ఉంది కదా అని ఒకసారి అరగంట ఆలస్యంగా బయల్దేరాను. గేటు దగ్గర మిగిలిన టైమ్ మొత్తం ట్రేల దగ్గర పోయింది. చివరికి బోర్డింగ్ గేటు దాకా పరుగే. చాలా ఎయిర్‌లైన్స్ లగేజీ కౌంటర్‌ను గంట ముందు, బోర్డింగ్ గేటును 25 నిమిషాల ముందు మూసేస్తాయి. అందుకే ఇప్పటికీ గంటా ముప్పావు ముందే అక్కడ ఉంటాను. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ బ్యాగులో పైనే పెట్టుకుంటాను. పవర్ బ్యాంక్‌ను కౌంటర్‌లో వేసే లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి.

ఇక పేరు సంగతి. మన తెలుగువాళ్లకు అసలు టెన్షన్ ఇక్కడే. ఇంటిపేరు ముందు, మన పేరు తర్వాత. ఆధార్‌లో కొందరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి ఒక్క అక్షరమే. టికెట్ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు. ఏది ఎందులో రాయాలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. బోర్డింగ్ పాస్ మీది పేరు ఆధార్ పేరుతో కలవకపోతే ఈ పద్ధతి నడవదు. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. మొదట్లో టికెట్లు తీసే ఏజెంట్ ఒక అక్షరంతో సరిపెట్టాడు. రాత్రి పదకొండింటికి బోర్డింగ్ పాస్ ఎక్కించబోతే తీసుకోలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి వదిలేసి, పొద్దున ఆధార్ కార్డు చూపించి మామూలు లైన్లో పోయాను. ఆ రోజు నుంచి టికెట్ నేనే తీసుకుంటున్నాను, ఆధార్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి. బోర్డింగ్ పాస్ కూడా ముందురోజు సాయంత్రమే ఎక్కిస్తాను. తేడా ఉంటే సరిచేయించుకోవడానికి టైమ్ ఉండాలి కదా.

కార్డు మాత్రం జేబులో ఉండాల్సిందే. ఒక ఊళ్లో తిరుగు ప్రయాణంలో గేటు నా ముఖాన్ని రెండుసార్లు ఒప్పుకోలేదు. కార్డు ఉంది కాబట్టి పక్క లైన్లోకి మారాను. ఫోన్ మార్చినా మళ్లీ మొదటినుంచి నమోదు చేసుకోవాలి. 2024లో పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమన్నప్పుడు కూడా అదే పని పడింది.

ముఖం ఇస్తే ఏమవుతుందోనని నాతో పనిచేసే ఒకాయన ఇప్పటికీ వాడడు. వివరాలు మన ఫోన్‌లోనే ఉంటాయని, ఎయిర్‌పోర్ట్‌కు పంపినవి విమానం వెళ్లిన 24 గంటల్లో తీసేస్తారని నియమం. నాకు అది చాలనిపించింది. ఆయనకు చాలలేదు. ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. ఇది తప్పనిసరి కాదు, వద్దనుకుంటే మామూలు గేటు ఉంది.

దారి విషయంలో మహబూబ్‌నగర్ వాళ్లం అదృష్టవంతులం. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ జాతీయ రహదారి పట్టుకుంటే ఊళ్లోకి పోకుండానే శంషాబాద్ వచ్చేస్తుంది. నల్లగొండ వాళ్లు చౌటుప్పల్, పంతంగి టోల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కాలి. సంక్రాంతి రోజుల్లో ఆ టోల్ దగ్గర బండ్లు ఎట్లా ఆగిపోతాయో తెలిసిందే. ఆ వారంలో టికెట్ ఉంటే యాప్ ఏదైనా సరే, ఇంకో రెండు గంటలు ముందు కదలాలి.

ఇంట్లో పెద్దవాళ్లతో పోయేటప్పుడు మాత్రం డిజియాత్రను నేను పక్కన పెడతాను. పోయినేడు మా పెద్దమ్మను పుణెలో ఉన్న కూతురి దగ్గరికి తీసుకుపోయాను. ఆమెది బటన్ ఫోన్. "నువ్వు ముందు పో బిడ్డా, నేను మెల్లగ వస్త" అంది. ఆమెను లైన్లో ఒంటరిగా వదిలి నేను గేటు దాటడం ఏం బాగుంటుంది? ఇద్దరం మామూలు లైన్లోనే పోయాం. సెక్యూరిటీ దగ్గర ఆమె సంచి ఆపారు. కూతురికి ఒడిబియ్యం పోయాలని బియ్యం, పసుపుకొమ్ములు, అయిదు కుడుకలు గుడ్డలో మూటగట్టి తెచ్చుకుంది. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడెక్కి నిప్పు రాజుకునే ప్రమాదం ఉంటుందని విమానంలోకి రానివ్వరు. కౌంటర్‌లో వేసే లగేజీలో కూడా వద్దంటారు. నెలకు రెండుసార్లు విమానం ఎక్కే నాకు ఆ ముక్క ముందే తెలిసుండాలి. పెద్దమ్మ ఒక్కో కుడుకను కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. ఏమీ అనలేదు. పుణెలో దిగాక బజారంతా తిరిగి కుడుకలు కొనేదాకా నాకు మనసు కుదుటపడలేదు.

వచ్చే నెల ఆమె మళ్లీ పోతోంది. చెల్లెలికి ఫోన్ చేసి కుడుకలు అక్కడే కొని పెట్టమన్నాను. మోకాళ్ల నొప్పులున్నాయని టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ రాయించాను.