టర్బో కొన్నాక కూడా సివిక్‌ని ఎందుకు అమ్మలేదంటే

ముందే చెప్పేస్తున్నా, ఇది ప్రేమతో రాస్తున్న రివ్యూ. ఆ ప్రేమ కూడా కారు మొత్తం మీద కాదు, అందులో ఒకే ఒక్క సంగతి మీద. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత, తొక్కిన క్షణంలోనే ఇంజన్ స్పందించడం మీద. సివిక్ సీట్ల గురించి, రెండంతస్తుల డ్యాష్‌బోర్డు గురించి, డిక్కీ గురించి ఇప్పటికే అందరూ రాసేశారు. నేను వాటి జోలికి పోను.

నాది 2010 మోడల్ హోండా సివిక్, 1.8 లీటర్ ఐ-వీటెక్ (వాల్వ్‌లు తెరిచి మూసే తీరుని మార్చే హోండా ఏర్పాటు) ఇంజన్, మాన్యువల్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని చాలా ఏళ్లయింది. ఇంట్లో రెండో బండి 1.0 లీటర్, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. అదీ మాన్యువలే. టర్బో అంటే ఎగ్జాస్ట్ గ్యాస్ బలంతో గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు. దాని పేరు రాయడం లేదు. ఈ సైజు టర్బోలన్నీ కాస్త అటూ ఇటూగా ఇలాగే నడుస్తాయి, చర్చ పేరు మీదకి పోతే అసలు విషయం పక్కకి పోతుంది.

రెండింటినీ పోల్చాలనిపించింది కాగితం మీద ఉన్న ఒక అంకె చూశాక. రెండు ఇంజన్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 172 ఎన్‌ఎమ్మే! సివిక్‌లో అది 4300 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే సార్లు) దగ్గర వస్తుంది, టర్బోలో 1500 నుంచి 4000 దాకా ఒకే తీరుగా ఉంటుంది. పవర్ సివిక్‌కి 132 పీఎస్, టర్బోకి 120. ఇక్కడ మన ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. ఎన్‌ఏ ఇంజన్ (అంటే సివిక్‌లోలా టర్బో లేనిది) బయట గాలి ఎంత పల్చగా ఉంటే అంత పల్చటి గాలినే పీలుస్తుంది, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం పవర్ పోగొట్టుకుంటుంది. అంటే సివిక్ 132 ఇక్కడికి వచ్చేసరికి 125 చుట్టుపక్కల ఉంటుంది. టర్బో గాలిని తానే నొక్కి పంపిస్తుంది కాబట్టి ఈ ఎత్తులో దానికి పెద్దగా నష్టం లేదు. పైగా బండి తేలిక. లెక్క ప్రకారం మన రోడ్ల మీద టర్బోనే ముందుండాలి. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కే ర్యాంపు మీద చాలాసార్లు ముందుంటుంది కూడా.

అయినా నాకు నచ్చేది సివిక్కే.

బ్రోషర్‌లో రాసే ఆ 1500 అంకె పెడల్ పూర్తిగా తొక్కి, బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) పూర్తిగా కట్టాక కొలిచినది. రోడ్డు మీద మనం అలా నడపం. సగం తొక్కుతాం, వదులుతాం, మళ్లీ తొక్కుతాం. అలా తొక్కిన ప్రతిసారీ ఎగ్జాస్ట్ గ్యాస్ టర్బైన్‌ని తిప్పాలి, దాంతో కంప్రెసర్ తిరగాలి, నొక్కిన గాలి ఇంటర్‌కూలర్‌లో చల్లబడి సిలిండర్‌లోకి చేరాలి. అరసెకనో, ఇంకాస్త ఎక్కువో. లైన్ సరిగ్గా లేని ఫోన్‌లో అవతలి మనిషి మాట ఆగి ఆగి వినపడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మాట చేరలేదేమోనని మనం ఇంకోసారి అంటాం, ఈలోగా మొదటి మాటకి జవాబు వచ్చేస్తుంది. సివిక్‌లో ఆ గొలుసే లేదు. థ్రాటిల్ (గాలిని లోపలికి వదిలే మూత) తెరుచుకుంది, గాలి లోపలికి పోయింది, అంతే.

మధ్యలో ఒక మాట. "వీటెక్ అంటే పైన కిక్ కొడుతుంది కదా" అని అడిగేవాళ్లు చాలామంది. ఈ 1.8లో అలాంటి కిక్ లేదు. ఇందులో వీటెక్ పని చేసేది తక్కువ లోడ్‌లో, మైలేజీ కోసం. ఇన్‌టేక్ వాల్వ్‌ని ఆలస్యంగా మూసి, థ్రాటిల్‌ని ఎక్కువ తెరిచి ఉంచి, గాలి పీల్చుకోవడానికి ఇంజన్ పడే శ్రమని తగ్గిస్తుంది. వీటెక్ స్టిక్కర్ చూసి ఒక్కసారిగా దూకుతుందని ఆశపడితే నిరాశే. ఇది కింద నుంచి పైదాకా ఒకే ధోరణిలో లాగే ఇంజన్. నాకు నచ్చింది కూడా అదే.

ఈ ఇష్టం నా ఒక్కడి సరదా మాత్రమే కాదని తెలిసింది శ్రీశైలం ఘాట్‌లో. ఆగస్టులో డ్యామ్ గేట్లు ఎత్తారని విని రెండు బండ్లలో బయల్దేరాం. సివిక్‌లో నేను, టర్బోలో మా బావమరిది. వాడికి సొంతంగా ఇంకో టర్బో బండి ఉంది, సివిక్ అంటే "పాత బండి బావా" అని తీసిపారేసే రకం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా అమ్రాబాద్ అడవి దారి మూసేస్తారు కాబట్టి, గేటు తెరిచే వేళకి మన్ననూర్ చేరేలా తెల్లవారుజామునే తుక్కుగూడ దాటేశాం. కల్వకుర్తి, డిండి దాకా మామూలు హైవే. అడవిలో జంతువులు అడ్డం వస్తాయి, అక్కడ వేగం మాటే లేదు. కొత్తవాళ్లకి ఇది గట్టిగా చెప్తున్నాను, ఆ రోడ్డు బండి పికప్ చూసుకునే చోటు కాదు.

వెళ్లేటప్పుడు ఏ విశేషం లేదు. మధ్యాహ్నం తిరిగొస్తుంటే వాన మొదలైంది. డ్యామ్ దగ్గర బండ్లు మార్చుకుందామని నేనే అన్నాను. వంతెన దాటాక ఈగలపెంట వైపు ఎక్కుడు. వాడు సివిక్‌లో ముందు, నేను టర్బోలో వెనక. రోడ్డంతా తడి, అంచుల్లో ఎర్రమట్టి కొట్టుకొచ్చి ఉంది. హెయిర్‌పిన్‌లో ఇరవై, పాతిక వేగం. సెకండ్ గేర్‌లో స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు 1500 కిందకి పడిపోతుంది. మలుపు సగంలో కాస్త తొక్కాను, ఏమీ లేదు. ఎక్కుడు కదా, బండి నీరసంగా అనిపించి ఇంకాస్త తొక్కాను. అప్పుడు వచ్చింది మొత్తం ఒక్కసారిగా. స్టీరింగ్ ఇంకా తిన్నగా కాలేదు, లోపలి టైరు తడి మీద గీసుకుంది, టైరు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లైటు టకటకా వెలిగి పవర్ కోసేసింది. మళ్లీ నీరసం. ప్రమాదం ఏమీ జరగలేదు, ఆ వేగంలో జరగదు కూడా. కానీ ప్రతి మలుపులో ఈ రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ నడకే. ఫస్ట్‌కి దించితే బండి అరుస్తుంది, సెకండ్‌లో ఉంచితే ఆగి దూకుతుంది.

ముందు సివిక్ వెనక లైట్లనే చూస్తున్నాను. మలుపుకి ముందు బ్రేక్ లైటు ఒకసారి వెలిగి ఆరిపోతుంది. ఆ తర్వాత బండి ఊగకుండా, తడబడకుండా, ఒకే గీత మీద పైకి పోతుంది. ఆ గేర్‌లో ఆ ఆర్‌పీఎం దగ్గర దానికి పెద్ద శక్తేమీ లేదు, నాకు తెలుసు. కానీ ఉన్న ఆ కొంచెం వెంటనే వస్తోంది, కొలిచినట్టు వస్తోంది. టైరుకి ఎంత భారం పడుతోందో కాలికి తెలుస్తుంది, దానికి తగ్గట్టే కాలు కదులుతుంది.

ఈగలపెంటలో టీ తాగడానికి ఆగాం. మనవాడు దిగుతూనే అన్న మాట ఇది: "బావా, ఇది నేను అడిగినంతే ఇస్తోంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. వానలో కూడా టెన్షన్ పడలేదు." బండ్ల గురించి మాట్లాడితే పికప్ తప్ప ఇంకోటి ఎరగని మనిషి అన్నాడు ఆ మాట. ఇంతకాలం నేను దీన్ని ఆనందం లెక్కలోనే వేసుకున్నాను. కొత్త చేతికి వానలో ధైర్యం ఇచ్చేది కూడా ఇదేనని ఆ రోజు అర్థమై నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

టీ పూర్తయ్యేలోపు వాడే ఇంకో మాట కూడా అన్నాడు. "కానీ ఆ లారీ దగ్గర మాత్రం నీ టర్బోనే ఉండాల్సింది." అదీ నిజమే. ఘాట్‌లో కాస్త తిన్నగా ఉన్న ముక్కలో లోడు లారీని దాటడానికి వాడు సెకండ్‌కి దించి 5000 దాకా అరిపించాల్సి వచ్చింది. వెనకే నేను టర్బోలో థర్డ్‌లోనే, చప్పుడు లేకుండా దాటేశాను. విజయవాడ హైవే మీద నలుగురు మనుషులు, సామాను, ఏసీ వేసుకుని వెళ్లే రోజున ఈ తేడా ఇంకా ఎక్కువ. టర్బోలో గేర్ మార్చకుండా ఎనభై నుంచి నూరుకి పోవచ్చు. సివిక్‌లో గేర్ దించకుండా తొక్కితే ఓపిక పట్టాలి, దించితే వెనక సీట్లో అమ్మ "ఎందుకురా ఆ రొద" అంటుంది. కాబట్టి పైన నేను రాసిన పొగడ్తంతా ఒకరిద్దరున్న బండికి, మలుపులున్న రోడ్డుకి వర్తిస్తుందని చదువుకోండి.

ట్రాఫిక్ సంగతి కూడా అటూ ఇటూగానే ఉంది. కొండాపూర్ నుంచి హైటెక్ సిటీ వైపు పాకే రోజున సివిక్ సెకండ్‌లో మెత్తగా పాకుతుంది. టర్బో అదే వేగంలో బూస్ట్ కింద పడిపోయి క్లచ్ మీద పని పెంచుతుంది. అదే ట్రాఫిక్ తెగి షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కితే టర్బోనే హాయి.

ఖరీదైన స్పోర్ట్స్ కార్లలోనూ ఇదే గొడవ నడుస్తోంది. ఆదివారం పొద్దున్నే కోకాపేట, నార్సింగి వైపు వెళ్తే ఆ బండ్లు కనిపిస్తాయి, కనపడేలోపే వినపడతాయి. 2015లో పోర్షే 911 కరేరా టర్బోకి మారింది. ఆ మరుసటి ఏడు బాక్స్‌టర్, కేమన్ రెండూ ఆరు సిలిండర్లు వదిలి నాలుగు సిలిండర్ల టర్బోకి వచ్చాయి. అభిమానులు గోల పెట్టారు. తర్వాత వాటిలో 4.0 లీటర్, ఆరు సిలిండర్ల ఎన్‌ఏ ఇంజన్ మళ్లీ వచ్చింది. 911లోనే 9000 ఆర్‌పీఎం దాకా తిరిగే జీటీ3 రకాన్ని మాత్రం టర్బోకి మార్చలేదు. అన్నిటికంటే నాకు ముఖ్యంగా అనిపించేది ఫెరారీ చేసిన పని. 458 ఇటాలియా తర్వాత 2015లో వచ్చిన 488 జీటీబీకి 760 ఎన్‌ఎమ్ టార్క్ ఉంది, కానీ అది పూర్తిగా దొరికేది ఏడో గేర్‌లోనే. కింది గేర్లలో కావాలనే తగ్గించి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ టార్క్ పెరిగేలా మలిచారు. టర్బో పెట్టాక కూడా నడిపేవాడి కాలికి ఎన్‌ఏలా అనిపించాలని అంత శ్రమ పడ్డారంటే, నేను చెప్తున్నది పాతకాలపు మొండితనం కాదని నా నమ్మకం. ఉద్గారాల నిబంధనలు బిగిసినందువల్ల వాళ్లకి టర్బో తప్పలేదు, అది వేరే సంగతి. ఈ విషయంలో ఎన్‌ఏకి దగ్గరగా ఉండేది టర్బో కంటే ఎలక్ట్రిక్ అనేది కూడా నా అభిప్రాయం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది కదా. ఆ బండ్లలో చప్పుడు లేదన్న బాధ నాకూ ఉంది, కానీ మోటారుకి ఎదురుచూపు లేదు, తొక్కిన వెంటనే కదులుతుంది.

ఖర్చుల మాట క్లుప్తంగా. టర్బో నిమిషానికి లక్షన్నర సార్లకు పైగా తిరిగే వస్తువు, దాన్ని కాపాడేది ఆయిలే. మా మెకానిక్ భాయ్ మాట: "సార్, ఇంకేదైనా లేటు చేయండి, ఆయిల్ మాత్రం లేటు చేయకండి." మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇంటర్‌కూలర్ వేడెక్కితే ఆ పికప్ కూడా కాస్త మందగిస్తుంది. ఘాట్ ఎక్కి ఆగితే ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపుతాను. సివిక్‌కి ఆ బెంగ లేదు, కానీ వయసు బెంగ ఉంది. 15 ఏళ్లు నిండాయని ఆర్‌టీఏలో ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఇంకో ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) సివిక్ లాంటి పాత బండి కోసం చేసింది కాదు. మైలేజీ కొంచెం తగ్గింది, రబ్బరు గొట్టాలు ఎప్పటికప్పుడు చూపించుకుంటున్నాను. ఊళ్లో లీటరుకి తొమ్మిదీ పది కిలోమీటర్ల మధ్య వస్తోంది, అదే టర్బో రెండు కిలోమీటర్లు ఎక్కువిస్తుంది, మెత్తగా నడిపితేనే. వెనక ముగ్గురు కూర్చుంటే మన కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద సివిక్ అడుగు గీసుకోవడం మామూలే.

నా తీర్పు నా పరిస్థితికి కట్టుబడినది. నేను ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను. సివిక్‌ని బయటికి తీసేది ఆదివారం పొద్దున అనంతగిరికో, నాగార్జునసాగర్‌కో, మహా అయితే శ్రీశైలానికో. రోజువారీ పనులకి మా ఆవిడ టర్బో నడుపుతుంది, ఆమెకి అది ఎంతో ఇష్టం. ఇంట్లో ఒక్క బండే ఉండి, రోజూ ఓఆర్‌ఆర్ మీద వెళ్లి రావాల్సి ఉంటే, నెలకోసారి కుటుంబంతో ఊరికి వెళ్లేవాణ్నైతే, నేనూ టర్బోనే ఉంచుకునేవాణ్ని, బాధపడుతూనే. కొత్తగా కొనేవాళ్లు మాత్రం టెస్ట్ డ్రైవ్‌ని తిన్నటి రోడ్డు మీద ముగించకండి. జూబ్లీహిల్స్ లోపలి ఎత్తుపల్లాల గల్లీల్లోకి తీసుకెళ్లి, సెకండ్ గేర్‌లో ఒక ఎక్కుడు మలుపు తిప్పి, సగం పెడల్ మాత్రమే తొక్కి చూడండి. షోరూమ్ కుర్రాడు గట్టిగా తొక్కమంటాడు. మీరు సగమే తొక్కండి.