పాత బైక్ ఫ్రేమ్‌కి స్ప్రే డబ్బానా, పౌడర్ కోటింగా?

గట్టిదనంలో పౌడర్ కోటింగ్‌దే పైచేయి. పొడిని కరెంటు ఛార్జ్‌తో ఫ్రేమ్‌కి అంటించి, దాదాపు 180-200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రాళ్లు తగిలినా పెట్రోలు ఒలికినా అంత సులువుగా లేవదు. కాకపోతే బేరింగులు, రబ్బరు బుష్‌లు ముందే ఊడదీయాలి, బోల్టు రంధ్రాలకు ప్లగ్గులు పెట్టాలి. ఎర్తింగ్ వైరు బిగించే చోటు మూయడం నేను మర్చిపోయాను. తాళం తిప్పితే బండిలో చలనం లేదు, వైరింగ్ అంతా పోయిందేమోనని ఒకటే టెన్షన్. కోటింగ్ గుండా కరెంటు పారదు కదా, చివరికి ఆ చోట గోరంత మేర గీకితే లైట్లు వెలిగాయి!

స్ప్రే డబ్బా పని ఇంట్లోనే అయిపోతుంది, గీత పడితే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. మామూలు డబ్బా రంగు మాత్రం పెట్రోలు పడితే మెత్తబడి ఊడొస్తుంది. వెల్డింగ్ మార్పులు ఇంకా మిగిలుంటే నా ఓటు స్ప్రేకే.