అల్హంబ్రా టికెట్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఒక మాట

స్పెయిన్ ట్రిప్ వేసుకుంటున్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. గ్రనాడాలో అల్హంబ్రా కోటకి టికెట్ కొంటే, అందులో నసరీ రాజభవనాలకి, అంటే ఒకప్పుడు అక్కడ ఏలిన ముస్లిం సుల్తానుల మేడలకి, ప్రవేశం ఉందో లేదో చూసుకోండి. మేం చూసుకోలేదు. ఐదుగురికి 290 యూరోలు, మన లెక్కలో దాదాపు 29 వేలు కట్టాం. తీరా ఆ భవనాల గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చాం.

కొన్నచోటు పేరు ఇక్కడ రాయను. అలాంటివి ఒకటి కాదు, చాలా ఉన్నాయి. పేరు చెబితే ఆ ఒక్కదాన్నే తప్పించుకుని పక్కదాంట్లో పడతారు. వాళ్ళ పద్ధతి తెలుసుకుంటే చాలు.

మేం హైదరాబాద్ నుంచి మే ఆఖర్లో వెళ్ళాం. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. మాడ్రిడ్, గ్రనాడా, సెవిల్, బార్సిలోనా, అన్నీ కలిపి పన్నెండు రోజులు. జూన్‌లో బడి తెరిచేలోపు తిరిగి రావాలి కాబట్టి తేదీలు అటూ ఇటూ జరిపే వీలు లేదు. విమానం, వీసా, హోటళ్ళు చూసుకునేసరికే ఏప్రిల్ సగం అయిపోయింది. అప్పుడు తీరిగ్గా అల్హంబ్రా అధికారిక సైట్ తెరిస్తే మాకు కావలసిన రెండు రోజులకీ జనరల్ టికెట్లు ఒక్కటీ లేవు. మొదటి తప్పు మాదే. ఆ టికెట్లు నెలల ముందే పెడతారు, సీజన్‌లో ఎప్పుడో అయిపోతాయి.

టెన్షన్‌లో గూగుల్‌లో వెతికాను. అన్నిటికంటే పైన వచ్చింది ప్రకటన అని కూడా గమనించలేదు. అడ్రస్‌లో అల్హంబ్రా పేరుంది, పేజీ నిండా సింహాల ఫౌంటెన్ ఫొటోలు, క్యూ లేకుండా ప్రవేశం, గైడు ఉంటాడు, మనిషికి 58 యూరోలు. అధికారిక ధర 20 యూరోల అటూ ఇటూ ఉంటుంది, వయసును బట్టి పిల్లలకి రాయితీ కూడా ఉంది. ఇక్కడ మా చిన్నాడికీ 58 యూరోలే. గైడు ఉన్నాడు కదా, పోనీలే అనుకుని కట్టేశాం.

ఆ రోజు పొద్దున్న చెప్పిన చోటికి వెళ్తే ఒకతను చేతిలో కాగితాల కట్టతో నిలబడి ఉన్నాడు. మాకు ఐదు కాగితాలిచ్చి, ఫోన్‌లో ఒక లింకు పంపి, వెళ్ళిపోబోయాడు. గైడు ఎక్కడ అంటే ఫోన్ వైపు చూపించాడు. గైడు అంటే చెవిలో పెట్టుకునే ఆడియో అట. అప్పుడే అనుమానం రావాల్సింది. ఎండ ఎక్కకముందే చూసేద్దామన్న తొందరలో లోపలికి వెళ్ళిపోయాం.

అల్హంబ్రా అంటే ఒక్క భవనం కాదు. అదొక కొండ. ఒక చివర అల్కసాబా అనే పాత కోట, నడుమ నసరీ సుల్తానుల రాజభవనాలు, వాటిని ఆనుకుని తర్వాత ఐదో చార్ల్స్ చక్రవర్తి కట్టించిన రాతి మేడ, దూరంగా హెనెరలీఫె తోటలు. మనం ఫొటోల్లో చూసేది, పన్నెండు సింహాలు మోస్తున్న ఫౌంటెన్, లేసు అల్లినట్టుండే గోడలు, తేనెపట్టు లాంటి పైకప్పు, అన్నీ ఉండేది ఆ నసరీ భవనాల్లోనే. జనరల్ టికెట్‌లో అన్నీ వస్తాయి. ఇంకో రకం టికెట్‌లో తోటలు, హెనెరలీఫె, అల్కసాబా మాత్రమే ఉంటాయి, దాని ధర దాదాపు సగం. మాకు అంటగట్టింది ఈ రెండోది.

తెలిసిందెప్పుడంటే, తోటలన్నీ తిరిగి పదకొండున్నరకి నసరీ భవనాల క్యూలో నిలబడి, మా వంతు వచ్చాక. అక్కడ ఉద్యోగిని పాస్‌పోర్టు, టికెట్ చూసి తల అడ్డంగా ఊపింది. మా పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు, ఫోన్‌లో యాప్ పెట్టుకుని ఆరు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటోంది. అది కాగితం తీసుకుని మెల్లగా చదివింది: హర్దీనెస్, హెనెరలీఫె ఇ అల్కసాబా. "అమ్మా, ఇందులో ప్యాలెస్ అన్న మాటే లేదు" అంది.

మా అత్తయ్య ఒక్క క్షణం ఆగి, "తిరుమల దర్శనం టికెట్ అని చెప్పి గోపురం చూసే టికెట్ అమ్మాడన్నమాట" అన్నారు. ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

నిజానికి తిరుమలతోనే పోల్చి చెప్తే మన వాళ్ళకి తొందరగా అర్థమవుతుంది. 300 రూపాయల దర్శనం టికెట్‌కి ప్రతి ఒక్కరి పేరూ, గుర్తింపు కార్డూ, టైమూ ఎలా ఉంటాయో, నసరీ భవనాల టికెట్‌కీ అంతే. అధికారిక సైట్‌లో కొంటే ప్రతి మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు అడుగుతుంది. భవనాల్లోకి ఏ టైముకి వెళ్తారో ఎంచుకోమంటుంది. ఆ టైము టికెట్ మీద అచ్చవుతుంది, దాటిపోతే లోపలికి పంపరు. లోపల పట్టేది కొద్దిమందే కాబట్టి జనాన్ని విడతలుగా వదులుతారు. మాకు అమ్మినవాడు నా ఒక్కదాని పేరే అడిగాడు. టైము అంటే "ఉదయమా, మధ్యాహ్నమా" అన్నాడంతే. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఒక్క ప్రశ్నలోనే బండారం అంతా ఉంది. తిరుమలలో ఒక దళారి పేరు కూడా అడక్కుండా "పొద్దున దర్శనమా సాయంత్రమా" అంటే నేను చచ్చినా డబ్బివ్వను. పరాయి దేశం అనేసరికి ఎందుకో ఆ తెలివి ఇంట్లో వదిలేసి వెళ్ళాను.

కాబట్టి ఎక్కడ కొన్నా సరే, టికెట్ వివరాల్లో నసరీయెస్ అన్న మాట వెతకండి. ఎన్, ఏ, జెడ్ అక్షరాలతో మొదలవుతుంది. ఆ మాట పక్కన గంట, నిమిషాలతో సహా టైము ఉండాలి. రెండింట్లో ఏది లేకపోయినా కొనొద్దు. "లభ్యతను బట్టి" అని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో రాసి ఉంటే అసలే వద్దు. మా పేజీలో అట్టడుగున అదే రాసి ఉందని తర్వాత చూశాం. అసలైన సైట్ అల్హంబ్రాని నిర్వహించే పత్రోనాటో వాళ్ళది, అడ్రస్‌లో ఆ పత్రోనాటో మాట ఉంటుంది. ప్రకటనలన్నీ దాటుకుని కిందకి వెళ్తే కనిపిస్తుంది.

మధ్యలో అమ్మేవాళ్ళందరూ మోసగాళ్ళని నేననడం లేదు. అనుమతి ఉన్న గైడుతో, టైముతో సహా టికెట్ ఇచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఎక్కువ తీసుకోవడంలో అర్థముంది. మాకు 58కి అమ్మిన కాగితం అసలు ధర మాత్రం అందులో పావు వంతు కూడా ఉండదు.

ఆ రోజంతా పాడైందా అంటే లేదు. హెనెరలీఫెలో నీళ్ళ కాలువ మీదకి రెండు వైపుల నుంచీ సన్నటి ధారలు వంపు తిరిగి పడుతుంటే మా అత్తయ్య అక్కడి నుంచి కదల్లేదు. అల్కసాబాలో బేలా బురుజు ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. చార్ల్స్ మేడలోకి ప్రవేశం ఉచితం, బయటికి చదరంగా ఉండి లోపల ముంగిలి గుండ్రంగా ఉంటుంది, మా చిన్నాడు అందులో చప్పట్లు కొడుతూ పరిగెత్తాడు. సాయంత్రం అల్బైసీన్ పేటలో శాన్ నికొలాస్ అరుగు దగ్గరికి వెళ్ళాం. దానికి టికెట్టే లేదు. అక్కడ మే నెలాఖరులో సూర్యుడు తొమ్మిది దాటితే గాని దిగడు. దిగేటప్పుడు ఎదురుగా కోట గోడలు ఎర్రబడతాయి. అరబ్బీలో ఆ పేరుకి ఎర్రనిది అనే అర్థం, ఆ వేళకి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

మీరు ఇప్పటికే ఇలా ఇరుక్కుని ఉంటే రెండు దారులున్నాయి. గ్రనాడా కార్డ్ అని ఊరి టూరిస్టు పాస్ ఒకటి ఉంది, అందులో నసరీ భవనాల టైముతో సహా అల్హంబ్రా వస్తుంది. జనరల్ టికెట్లు అయిపోయినా ఇందులో ఒక్కోసారి దొరుకుతాయి, మా తేదీలకి అదీ లేదు. రెండోది రాత్రి సందర్శన. నసరీ భవనాలకి రాత్రి పది గంటలకి మొదలయ్యే వేరే టికెట్ ఉంది, వేసవిలో వారంలో కొన్ని రోజులు. అయిపోయినా ఒక్కోసారి సైట్‌లో మళ్ళీ కనిపిస్తాయి. మా ఆయన హోటల్‌లో కూర్చుని ఆ పేజీని ఎన్నిసార్లు రిఫ్రెష్ చేశారో లెక్క లేదు. మర్నాడు రాత్రికి సరిగ్గా రెండు దొరికాయి.

ఎవరు వెళ్ళాలన్న చర్చ రెండు నిమిషాల్లో తేలిపోయింది. మళ్ళీ ఇంత దూరం రాలేనని అత్తయ్య ముందు నుంచీ అంటున్నారు, భాష తెలిసింది పెద్దదానికి. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. మేం ముగ్గురం బయట చెట్ల కింద బెంచీ మీద కూర్చున్నాం. చిన్నాడు నా ఒళ్ళో నిద్రపోయాడు.

పదకొండు దాటాక వచ్చారు. ఏం చూశారని అడిగితే అత్తయ్య, "సింహాలు కోపంగా లేవే, బుద్ధిగా నిలబడ్డ దూడల్లా ఉన్నాయి" అన్నారు. గోడల నిండా ఒకే అరబ్బీ వాక్యం మళ్ళీ మళ్ళీ చెక్కి ఉందని, దేవుడు తప్ప విజేత ఎవరూ లేరని దాని అర్థమని పెద్దది చెప్పింది. ఆ మాట గోడ గోడకీ రాయించుకున్న వంశమే 1492 జనవరి 2న స్పెయిన్ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్నాండోలకి ఊరు అప్పగించి వెళ్ళిపోయింది. నాకు ఆ గోడలు ఇప్పటికీ ఫోన్‌లో ఫొటోలే.

ఇంక డబ్బు సంగతి. అమ్మినవాడికి నాలుగు మెయిళ్ళు పెట్టాను. "మీ టికెట్‌లో అల్హంబ్రా ప్రవేశం ఉంది" అని ఒకటే జవాబు, అందులో అబద్ధం కూడా లేదు, అదే వాళ్ళ తెలివి. స్పెయిన్‌లో షాపయినా హోటలయినా అడిగితే ఫిర్యాదు పత్రం ఇవ్వాలి, దాన్ని ఒహా దె రెక్లమసియోనెస్ అంటారు. రోడ్డు మీద కాగితాలు పంచి వెళ్ళిపోయినవాణ్ణి ఎక్కడని అడుగుతాం? తిరిగొచ్చాక క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. పేజీ స్క్రీన్‌షాట్ అడిగారు. కొన్న రోజు నేను తీసుకోలేదు, ఇప్పుడు చూస్తే పేజీలో మాటలు మారిపోయాయి. మీరు మాత్రం డబ్బు కట్టే ముందు పేజీ మొత్తం, అట్టడుగు దాకా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఏడు వారాల తర్వాత బ్యాంకు కుదరదంది.

అమ్మినవాడు మాత్రం పోయిన వారం ఒక మెయిల్ పంపాడు. మా తర్వాతి అల్హంబ్రా యాత్రకి 20 శాతం తగ్గింపు కూపన్ అట.