నాన్న క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన షాపు, 4 స్టార్లు

నాన్న దాచుకున్న తొంభైల నాటి క్యాసెట్లు 14 ఇచ్చా. విజయవాడలో చిన్న షాపు, రేటు క్యాసెట్‌కి 150, పది రోజులు పట్టింది. గంట క్యాసెట్ ఎక్కాలంటే గంటా ఆడాల్సిందే కదా, అందుకని ఆ టైమ్ గురించి నాకేం కంప్లైంట్ లేదు.

పనితనం మాత్రం సూపర్. నేనుండగానే గాయం సినిమా క్యాసెట్ విప్పారు, లోపల రీలుని నొక్కిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయుంది, పాడైపోయిన ఇంకో క్యాసెట్‌లోంచి తీసి అతికించారు, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్ తుడిచారు, తర్వాత సన్న స్క్రూడ్రైవర్‌తో హెడ్ పక్కన స్క్రూని కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే, అప్పటిదాకా దుప్పట్లోంచి పాడుతున్నట్టున్న చిత్ర గారి గొంతు, 'అలుపన్నది ఉందా' దగ్గర ఒక్కసారి తేటగా అయిపోయింది. నాకైతే ఒళ్ళు జల్లుమంది.

స్టార్ ఎందుకు తగ్గించానంటే, మొదటిసారి ఇచ్చిన ఫైల్స్‌లో నాయిస్ క్లీనింగ్ మరీ ఎక్కువ పెట్టేశారు. టేపు సుయ్‌మనే సౌండ్ పోయింది, దాంతోపాటు తాళాలు, సింబల్స్ కూడా పోయాయి. పైగా అన్నిటికీ కలిపి 'ఓల్డ్ మెలోడీస్' అని ఒకటే ఫోల్డర్! ఇదైతే అస్సలు నచ్చలేదు, ఎందుకంటే ఆ పదేళ్ళలో ఏ ఇద్దరు సంగీత దర్శకుల పాటా ఒకలా ఉండదు. 1991లో క్షణక్షణం చేసిన కీరవాణి గారే 1997లో అన్నమయ్య చేసి నేషనల్ అవార్డు తెచ్చుకున్నారు, మధ్యలో 1992లో రోజాతో రెహమాన్ వచ్చి సౌండే మార్చేశారు, ఆయన అంతకుముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారే, ఆ రాజ్-కోటి ఏమో 1994లో హలో బ్రదర్‌తో ఊపేశారు. 1995 ఒరేయ్ రిక్షాలో వందేమాతరం శ్రీనివాస్ గారి గొంతులో పల్లె పాట, 1999 తమ్ముడులో రమణ గోగుల గారిది ఏకంగా ఇంగ్లీషు పాట. ఇవన్నీ ఒకే ఫోల్డరా?

వీళ్ళందరిలో సంగీత దర్శకుడు శ్రీ గారికి రావాల్సినంత పేరు రాలేదని నాకు ఇప్పటికీ బాధే. పాత తరం సంగీత దర్శకుడు చక్రవర్తి గారబ్బాయి, ఆయన చేసిన గాయం, సింధూరం వినండి, ఆ గిటార్లు, బేస్ ఎంత పద్ధతిగా ఉంటాయో. క్లీనింగ్ చేసిన ఫైల్‌లో అవే సగం చచ్చిపోయాయి.

వెళ్ళి చెప్తే ఏమీ విసుక్కోకుండా క్లీనింగ్ లేని కాపీ మళ్ళీ ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. సినిమాల వారీగా ఫోల్డర్లు కూడా పెట్టారు. మీరు ఇచ్చేటప్పుడు రెండు కాపీలూ కావాలని ముందే చెప్పండి, క్యాసెట్ లోపలి అట్టలు కూడా ఇవ్వండి, పేర్లు వాటిని చూసే రాస్తారు. ఒక సైడు ఒక సినిమా, రెండో సైడు ఇంకో సినిమా ఉన్న క్యాసెట్లయితే అది కూడా చెప్పాలి, నావి మూడు అలా కలిసిపోతే మళ్ళీ విడదీయించుకున్నా.