వేరుశనగకాయల సంచి తీసుకోవచ్చా? జయనగర్‌లో ఒకరోజు తరగతి

బెంగళూరులో వర్తూరు వైపు అపార్టుమెంట్లు కడుతున్న చోట్ల రేకుల షెడ్లలో ఉండే కూలీ కుటుంబాలతో నా పని. ఎక్కువమంది కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు వారు. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి పదకొండేళ్లయింది, నైతికత పేపరులో మంచి మార్కులే వచ్చాయి. అయినా ఊరికి వెళ్లొచ్చిన ఒక తల్లి వేరుశనగకాయల సంచి చేతిలో పెడితే ఇప్పటికీ తడబడతాను.

అందుకే, వృత్తి నైతికత మీద జరిగిన పరిశోధనను ఫీల్డులో పనికొచ్చేలా చెబుతామన్న ప్రకటన చూసి 1,200 రూపాయలు కట్టి బెంగళూరు జయనగర్‌లో ఈ తరగతికి వెళ్లాను.

ఉదయం పూట వృథా. అమెరికా సోషల్ వర్కర్ల సంఘం 1960లో చేసుకున్న నియమావళి, 2018 నాటి అంతర్జాతీయ నైతిక ప్రకటన, అన్నీ స్లైడ్ల మీద, చీమల్లాంటి అక్షరాల్లో. మన దేశంలో 1997లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లోని అధ్యాపకుల వేదిక రాసిన నైతిక ప్రకటనకు దక్కింది ఒక్క స్లైడు. బిసిబేళె బాత్ మాత్రం వేడిగా పెట్టారు.

మధ్యాహ్నం వచ్చిన మేడం స్లైడ్లు ఆపేసి తలా ఒక కాగితం ఇచ్చారు. పదహారేళ్ల అమ్మాయి, ‘ఎవరికీ చెప్పనని మాటిస్తేనే చెబుతానక్కా’ అంటుంది. మాటిస్తారా? సగం చేతులు లేచాయి. వాటిలో నాదీ ఉంది.

అప్పుడు ఆమె 2012 నాటి పోక్సో చట్టం తీశారు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. మాటిచ్చి చెబితే ఆ పిల్లకు ద్రోహం, చెప్పకపోతే నేరం. కాబట్టి ఏది దాచగలమో, ఏది దాచలేమో ఆ పిల్ల నోరు విప్పకముందే చెప్పాలి. మొదటిరోజు ఫారం మీద సంతకం చేయించుకుంటే సరిపోదు, మాట అటు మళ్లిన ప్రతిసారీ గుర్తుచేయాలి.

ఆ మాటను ఎవరి భాషలో వారు అని చూపించమన్నారు. నేను ‘గోప్యతకు పరిమితులుంటాయి’ అని మొదలుపెట్టాను. పక్కనున్న చిత్తూరు ఆయన నవ్వు ఆపుకోలేదు. షెడ్డులో గోప్యత అంటే ఎవరికి అర్థమవుతుంది? నాలుగోసారికి కుదిరింది: ‘నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుందమ్మా. నీకు ఎవరైనా హాని చేసి ఉంటే మాత్రం దాచలేను. ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతాను.’ ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది.

చదవమని ఇచ్చిన తొమ్మిది వ్యాసాల గురించి చెప్పకపోతే అన్యాయం. ఇంటికెళ్లి తెరిస్తే ఉచితంగా దొరికినవి రెండే. మిగతావి ఒక్కొక్కటీ తరగతి రుసుము కంటే ఎక్కువ అడిగాయి. మాలాంటి జీతాల వాళ్లకు ఇచ్చే జాబితాయేనా ఇది? తలా ఒక పేజీ సారాంశం రాసిచ్చినా చాలు.

వేరుశనగకాయల ప్రశ్న అడిగితే ‘మీ సంస్థ నియమావళి చూడండి’ అన్నారు. టీ దగ్గర ఒక ఆసుపత్రి సోషల్ వర్కర్ గారే దారి చూపారు: అక్కడే పిల్లలతో కూర్చుని గుప్పెడు తినండి, సంచి అక్కడే వదిలేయండి, కేసు డైరీలో ఒక వాక్యం రాయండి.

మళ్లీ పెడితే మధ్యాహ్నం పూటకే వెళ్తాను. 600 తీసుకుంటారేమో అడగాలి.