మా పాపకు అంకెలు అలవాటు చేసిన వామనగుంటల పీట

ఐదేళ్ల మా పాప కోసం మడిచి పెట్టుకునే చెక్క వామనగుంటల పీట కొన్నాను, 650 రూపాయలు. వరుసకు 7 చొప్పున 14 గుంటలు. మేము దాన్ని మామిడిపండ్ల సంతగా మార్చుకున్నాం. గుంటలు బుట్టలు, చింతపిక్కలు పండ్లు. బుట్టకు 5 చొప్పున 70 పండ్లు సర్దడమే ఆమెకు పెద్ద పని.

అంతకుముందు ఇరవై వరకు గడగడా అప్పజెప్పేది కానీ, ఏడు పిక్కలు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇచ్చేది. ఈ ఆటలో గుంటకో పిక్క వదులుతూ వెళ్లాలి కదా, నోటిలోని అంకె చేతిలోని పిక్కతో కలిసి నడవడం మొదలైంది. మూడో వారంలో ఒక బుట్ట చూసి, వేలు పెట్టి లెక్కించకుండానే "నాలుగు!" అంది. నా కళ్లు చెమర్చాయి.

గుంటల లోతు మాత్రం చాలదు. పిక్కలు పక్క బుట్టలోకి దొర్లితే పాప ఏడుపు ఆపడం కష్టం. నెలకే కీలు వదులైంది. పీటతో వచ్చిన గవ్వలు మరీ చిన్నవి. దొరికినదల్లా నోట్లో పెట్టుకునే తమ్ముడు ఉన్నాడు కాబట్టి వాటిని అటక ఎక్కించాను. చింతపిక్కలను కూడా ఆట అయ్యాక లెక్కపెట్టించి డబ్బాలో వేయిస్తున్నాను. ఇప్పుడు తనంతట తానే పదేసి కుప్పలు పెడుతోంది.