జామచెట్టు మీద పుల్ల నడిచింది: ఐనాచురలిస్ట్ యాప్ రివ్యూ (4.5/5)

మా హనుమకొండ ఇంట్లో జామచెట్టుకి ఎండుపుల్ల ఒకటి అడ్డంగా ఉందని విరవబోయాను, మెత్తగా తగిలింది! ఒళ్లు జలదరించింది. వెనక కాళ్లతో కొమ్మని పట్టుకుని, మిగతా ఒళ్లంతా కర్రలా బిగబట్టి నిలబడ్డ పురుగు. అమ్మ చూసి "దాసరి పురుగు, తీసి పారెయ్" అన్నది. ఆముదం చేలల్లో తిరిగిన మనిషి కదా, నడక చూసి చెప్పేసింది. ఫోన్లో ఉన్న ఇంకో యాప్ (పేరెందుకులెండి) ఎండుకొమ్మ అని తేల్చింది.

అప్పుడు ఫోటో తీసి ఐనాచురలిస్ట్‌లో పెట్టాను, మొక్కలూ పురుగులూ ఏవో గుర్తుపట్టడానికి సాయపడే యాప్ ఇది. ఫ్రీ, యాడ్స్ లేవు. ఫోటో ఎక్కించగానే కంప్యూటర్ ఒక అంచనా చెప్తుంది, నాకు జాతి పేరు దాకా పోకుండా 'జియోమెట్రిడే' అనే మాత్‌ల (సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగులు) కుటుంబం దగ్గరే ఆగింది. తెలిసినంతే చెప్పడం నచ్చింది. కానీ ఈ యాప్‌కి అసలు బలం తర్వాత వచ్చి చూసే మనుషులు. రాత్రి పదకొండింటికి ఒకాయన "పొట్ట కింది ఫోటో ఉందా అండీ?" అని అడిగారు. తీసి చూస్తే ముందు మూడు జతల కాళ్లు, చివర్న రెండు జతలు, మధ్యలో ఖాళీ. అందుకే వెనక భాగాన్ని ముందుకి లాక్కుని, నడుం పైకెత్తి, జానతో కొలిచినట్టు నడుస్తుంది. దాసరి పురుగుకి మధ్యలో కూడా కాళ్లుంటాయి, దాని కుటుంబమే వేరు. అమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

"జాతి తేలాలంటే పెంచి చూడండి" అన్నారాయన. స్వీట్ డబ్బాకి బెజ్జాలు పెట్టి, అడుగున తడిమట్టి పోసి, రోజూ తాజా జామాకులు వేశాను. ఆరో రోజు పురుగు మాయం! మూత సరిగ్గా పెట్టలేదని తమ్ముడి మీద అరిచాను కూడా, తీరా చూస్తే మట్టిలోకి దిగి ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) అయి కూర్చుంది. ఇంకో తొమ్మిది రోజులకి మాత్ బయటికొచ్చింది, బెరడు రంగు, ముందు రెక్కల కొసలు కొక్కెంలా వంగి ఉన్నాయి. కొమ్మ మీద వదిలితే రెక్కలు పరిచి అతుక్కుపోయింది, ఫోన్ తీసేలోపు ఎక్కడుందో నాకే దొరకలేదు. ఇద్దరు ఒకే పేరు చెప్పారు: హైపోసిడ్రా తలాకా. అస్సాం, ఉత్తర బెంగాల్ టీ తోటలకి పెద్ద తలనొప్పి ఇదేనట.

వాడేవాళ్లకి రెండు మాటలు. ఒకే పురుగైనా వేరే రోజు తీసిన ఫోటో వేరే ఎంట్రీగానే పెట్టాలి, అందులో గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్దది అని దశ గుర్తు పెట్టొచ్చు. ఇంటి దగ్గర తీసినవైతే లొకేషన్ దాచే ఆప్షన్ తప్పకుండా నొక్కండి.

నాకిక గుడ్ల ఫోటో ఒక్కటే బాకీ. బెరడు పగుళ్లలో పెడుతుందట, పొద్దున్నే లెన్స్ పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతుంటే పక్కింటివాళ్లు ఉంగరం పోయిందా అని అడుగుతున్నారు.